ప్రొపెల్లర్ స్లిప్ కొలవడానికి జీపీఎస్సా, నీటి స్పీడోమీటరా?

స్లిప్ అంటే ప్రొపెల్లర్ లెక్క ప్రకారం పడవ వెళ్లాల్సిన వేగానికీ, నీటిలో నిజంగా వెళ్లే వేగానికీ ఉన్న తేడా, శాతంలో. అంటే ఇది నీటితో పోల్చి చూసే లెక్క. జీపీఎస్ చూపేది నేల మీద వేగం. తేడా అంతా ఇక్కడే.

ఇంజిన్ 5000 ఆర్పీఎం, గేర్ నిష్పత్తి 2:1, ప్రొపెల్లర్ పిచ్ (జారకుండా ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) 17 అంగుళాలు అనుకుందాం. ప్రొపెల్లర్ నిమిషానికి 2500 సార్లు తిరుగుతుంది, జారుడే లేకపోతే పడవ గంటకు 64.8 కి.మీ. వెళ్లాలి. నిజంగా 56 వెళ్తే స్లిప్ 13.5 శాతం. అదే పడవ గోదావరిలో గంటకు 4 కి.మీ. ప్రవాహంతో దిగువకు పోతే జీపీఎస్ 60 చూపిస్తుంది, స్లిప్ 7 శాతమే అనిపిస్తుంది. ఎదురీదితే దాదాపు 20! అందుకే రెండు వైపులా నడిపి సగటు తీయాలి.

నీటి స్పీడోమీటర్లలో ఒకటైన ప్యాడిల్ వీల్‌కు (నీటి తాకిడికి తిరిగే చిన్న చక్రం) ఈ గొడవ లేదు, నీటి వేగాన్నే కొలుస్తుంది. కానీ నాచు పట్టినా, వెనక సుడుల్లో బిగించినా తప్పు చెబుతుంది. నీటి ఒత్తిడిని బట్టి వేగం చెప్పే పిటో గొట్టమైతే తక్కువ వేగంలో ఎందుకూ పనికిరాదు, అక్కడ నీటి ఒత్తిడి మరీ స్వల్పం.

నా ఓటు ఫోన్‌లోని జీపీఎస్‌కే, రెండు వైపులా నడిపే ఓపిక ఉంటే. ఎప్పుడూ ప్రవాహంలోనే తిరిగే పడవకు మాత్రం ప్యాడిల్ వీల్ పెట్టించండి, నిశ్చలమైన నీటిలో జీపీఎస్‌తో సరిచూసుకోండి. స్లిప్ మైనస్‌లో వస్తే మాత్రం ముందు టాకోమీటర్ (ఆర్పీఎం చూపే మీటర్) సెట్టింగ్‌నే అనుమానించాలి.