కస్టర్డ్ వేప్ లిక్విడ్: వాసన ఘుమఘుమ, లేబుల్ గప్‌చుప్

డాలస్‌లో మా అపార్ట్‌మెంట్ దగ్గరి వేప్ షాపులో కొన్న 60 మి.లీ. సీసా ఇది. ఈ-సిగరెట్‌లో పోసి ఆవిరిగా పీల్చే ద్రవం అన్నమాట. మూత తీస్తే గుప్పున వెన్న, వెనిలా వాసన. రుచికి వంక పెట్టలేం. లేబుల్ మీద మాత్రం ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, నికోటిన్, ఆ తర్వాత ‘ఫ్లేవర్స్’ అని ఒక్క ముక్క. ఆ వెన్న వాసన దేనివల్ల అని అడిగితే, కౌంటర్ దగ్గర కుర్రాడు ‘ఫుడ్ గ్రేడే బ్రో’ అని తేల్చేశాడు. తినడానికి పనికొస్తే పీల్చడానికీ పనికొచ్చినట్టేనా?

మిస్సోరీలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని 2000లో బయటపడింది. కారణం వెన్న ఫ్లేవర్ ఆవిరి. అందులోని డయాసిటైల్ అనే రసాయనం చిన్న చిన్న శ్వాసనాళాలను గట్టిపరిచి మూసేస్తుంది, మళ్లీ తెరుచుకోవు. 2015లో హార్వర్డ్ వాళ్లు 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39లో ఇదే దొరికింది. ‘డయాసిటైల్ ఫ్రీ’ సీసాలూ ఉన్నాయి లెండి. కానీ బదులుగా వాడే అసిటైల్ ప్రొపియోనిల్ కూడా దానికి దగ్గరి చుట్టమే.

బ్రిటన్‌లో ఈ-లిక్విడ్లలో డయాసిటైల్ వాడకూడదు. ఇక్కడ ల్యాబ్ రిపోర్ట్ అడిగితే నవ్వుతున్నారు.

రుచికి నాలుగు స్టార్లు, మొత్తానికి ఒకటి. అడగ్గానే రిపోర్ట్ చూపించే షాపు ఈ చుట్టుపక్కల ఉంటే కామెంట్‌లో చెప్పండి.