ఎస్ఆర్20కి ఏ ఇంజెక్టర్ మేలు: 370, 555, 740?

"బూస్ట్ ఒక బార్‌కు పెంచుతున్నాను, ఎంత పెద్ద ఇంజెక్టర్లు వేయాలి?" అని అడిగితే చెప్పలేం. ఏ టర్బోతో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి తోసే యంత్రంతో) ఒక బార్ అన్నది ముందు తెలియాలి. బూస్ట్ మీటరు ముల్లు చూపేది మానిఫోల్డులోని, అంటే సిలిండర్లకు గాలి చేర్చే గొట్టాల్లోని గాలి ఒత్తిడిని. ఇంజెక్టర్లు పోసే పెట్రోలు కలవవలసింది గాలి బరువుకు తగ్గట్టు. చిన్న టర్బోను దాని స్తోమతకు మించి తిప్పితే ముల్లు పైకి లేస్తుంది గానీ గాలి కాగి పలచబడుతుంది. అదే ఒక బార్‌ను పెద్ద టర్బో అంత వేడి చేయకుండా అందిస్తే, సిలిండర్లలోకి దిగే గాలి బరువు బాగా ఎక్కువ. అందుకే ఇంజెక్టర్‌ను బూస్ట్ అంకె చూసి కొనేవాళ్లంటే నాకు కొంచెం భయం.

నిస్సాన్ ఎస్ఆర్20డీఈటీ మీద లెక్క వేద్దాం. 1991 నుంచి జపాన్‌లో ఎస్13 సిల్వియాకు వచ్చిన ఈ రెండు లీటర్ల ఇంజిన్‌కు కంపెనీ బిగించింది టీ25 టర్బో, సుమారు అర బార్ బూస్ట్, నిమిషానికి 370 సీసీ చొప్పున పోసే నాలుగు ఇంజెక్టర్లు. శక్తి 205 పీఎస్ (దాదాపు అన్ని హార్స్‌పవర్). అమెరికాలో 240ఎస్ఎక్స్ యజమానులు తమ కారులోని టర్బో లేని ఇంజిన్‌ను దించి దీన్ని ఎక్కించుకోవడం ఒక ఆనవాయితీ. నిస్సాన్ రేసింగ్ విభాగం నిస్మో దీనికోసం 555, 740 సీసీ ఇంజెక్టర్లు అమ్మింది. ఈ మూడింటి నిష్పత్తి చూడండి: రెండు, మూడు, నాలుగు.

టర్బో పెట్రోలు ఇంజిన్ నిండు లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి 6.3 సీసీ పెట్రోలు తాగుతుందని పెట్టుకోండి. ఇంజెక్టర్‌ను రెప్పవేయకుండా తెరిచి ఉంచకూడదు కాబట్టి 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయపు వాటా) దగ్గర గీత గీయాలి. ఇంజెక్టర్ పోసేది క్రాంక్ రెండు చుట్లకు ఒకసారి. 7,000 ఆర్‌పీఎం వద్ద ఆ రెండు చుట్లు తిరగడానికి పట్టేది 17 మిల్లీసెకన్లే. అందులో మన వాటా 14.5. ఈ లెక్కన 370 సీసీతో 200, 555తో 300, 740తో 400 హార్స్‌పవర్ నడుస్తాయి. ఇదంతా ఇంజిన్ దగ్గరి శక్తి, చక్రాల దగ్గర కొలిచింది కాదు. కంపెనీ ఇంజెక్టర్లను ఎంత బిగుతుగా సరిపెట్టిందో 205 అన్న అంకే చెబుతుంది.

ఇప్పుడు బూస్ట్‌ను అర బార్ నుంచి ఒక బార్ చేశాం. వాతావరణంతో కలిపి చూస్తే 1.5 నుంచి 2కు పెరిగింది, అంటే మూడో వంతు. కాగితం మీద 273 రావాలి. టీ25 అంత ఇవ్వదు, వేడి కొంత మింగేస్తుంది. పోనీ 240 దగ్గర ఆగిందనుకుందాం. అప్పటికే 370లకు 102 శాతం డ్యూటీ కావాలి. లేని సమయాన్ని ఇంజెక్టర్ ఎక్కడ తెస్తుంది? మిశ్రమంలో పెట్రోలు తగ్గి నాకింగ్ (మిశ్రమం వేళ కాని వేళ పేలడం) మొదలవుతుంది, ఆ తర్వాత పిస్టన్ రింగుల గట్లు పగులుతాయి.

పాతవాటినే ఉంచి రెగ్యులేటర్ మార్చి ఫ్యూయల్ ప్రెషర్ పెంచితే పోదా అనేవాళ్లున్నారు. ప్రవాహం ప్రెషర్ వర్గమూలంతోనే పెరుగుతుంది. 3 బార్‌ను 4 చేస్తే 370 కాస్తా 427 అవుతుంది, అంతే. రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగింతలు కావాలి. పైగా రెగ్యులేటర్ బూస్ట్‌కు తగ్గట్టు ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ప్రెషర్‌ను ఎలాగూ పెంచుతుంటుంది, ఆ భారం కూడా పంపుదే. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది. చిన్న లోటుకు ఇది అతుకుగా పనికొస్తుంది, 240 మీద ఆశ ఉన్నవాళ్లకు కాదు.

అసలు పోటీ 555కూ 740కీ మధ్యే. "పెద్దవే వేసుకుంటే రేపటికి పనికొస్తాయి కదా" అన్న వాదం ఐడ్లింగ్ (బండి నిలిచి ఉండగా ఇంజిన్ తిరగడం) దగ్గర తడబడుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ గంటకు లీటరు దాకా తాగుతుంది. దానికి 370 సీసీ ఇంజెక్టర్ ప్రతిసారీ ఒకటిన్నర మిల్లీసెకను పోస్తే చాలు. 740 అయితే అందులో సగం. ఇంజెక్టర్‌లోని సోలినాయిడ్ (విద్యుత్ అయస్కాంతం) సూదిని లేపడానికే దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. హెడ్‌లైట్లు వేసి, ఫ్యాన్ తిరగగానే ఆ కాస్త తేడాకే మిశ్రమం చెదిరి ఇంజిన్ వణుకుతుంది. 555తో ఈ బాధ చాలా తక్కువ, ట్యూనింగ్ కూడా సులువు. పాత నిస్సాన్ ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఇంజెక్టర్ గుణకాన్ని మూడింట రెండు వంతులు చేసి, సూది లేచే ఆలస్యాన్ని సరిదిద్దితే మొదటి అడుగు పడినట్టే.

అయితే ఈ భయం పాత తరం ఇంజెక్టర్లదని ఒప్పుకోవాలి. బాష్ ఈవీ14 రకం ఇంజెక్టర్లు 1,000 సీసీ దగ్గర కూడా మర్యాదగా ఐడ్లింగ్ ఇస్తాయి. వాటి ఆలస్యం పట్టిక ప్రతి వోల్టేజీకీ దొరుకుతుంది, దాన్ని ఎక్కించగల ఈసీయూ ఉంటే చాలు. ఎస్ఆర్20 ఇంజెక్టర్లకు పక్క నుంచి పెట్రోలు అందుతుంది, వీటికి పై నుంచి. కనుక ఇవి పెట్టాలంటే రైలునే మార్చాలి. కొనేముందు నిరోధం చూడటం మరవకండి. 2, 3 ఓమ్‌ల ఇంజెక్టర్‌ను 12 ఓమ్‌ల వాటికోసం చేసిన ఈసీయూకు నేరుగా తగిలిస్తే ఈసీయూ డ్రైవర్ కాలిపోతుంది.

ఇథనాల్ సంగతి కూడా ఉంది. అమెరికాలో ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు) పోయాలనుకునేవాళ్లకు 30 నుంచి 40 శాతం అదనపు ఇంధనం కావాలి. అక్కడ 300 హార్స్‌పవర్‌కే 740 అవసరం. మన బంకుల్లోని ఈ20కి ఆ అదనం ఏడెనిమిది శాతం. చిన్నదే, కానీ 85 గీత మీద నిలబడిన ఇంజెక్టర్‌ను 90 దాటించడానికి అది చాలు.

నన్నడిగితే, టీ25 లేదా ఎస్14 (తర్వాతి సిల్వియా) టీ28తో రోజూ రోడ్డు మీద తిరిగే బండికి 555 మేలు. జీటీ2871ఆర్ వంటి టర్బో బిగించి 350 దాటాలనుకుంటే 740, "ఎప్పుడో కొంటాను" అనే టర్బో కోసం మాత్రం వద్దు. రెండింటిలో ఏది తీసుకున్నా ముందు పంపు, తర్వాత ఇంజెక్టర్లు, 300జెడ్ఎక్స్ నుంచి వచ్చే జెడ్32 ఎయిర్ ఫ్లో మీటరు, ఆపైన డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్. బూస్ట్ కంట్రోలర్ డబ్బాను అంతవరకూ విప్పకండి.