సౌత్ ఫిలీ బార్బకోవా: ఒక ఊరి వంట, ఆ ఊరి పద్ధతిలోనే

అమెరికాలో మెక్సికన్ భోజనం పేరుతో దొరికేవాటిలో చాలావరకు ఏ ఊరి వంటో చెప్పలేం. ఫిలడెల్ఫియా నగరపు ఇటాలియన్ మార్కెట్ ప్రాంతంలోని సౌత్ ఫిలీ బార్బకోవా అనే రెస్టారెంట్‌లో మాత్రం వంటకు ఒక ఊరు ఉంది. అది మెక్సికో దేశంలో, అదే పేరుగల రాష్ట్రంలోని కాపుల్వాక్. గొర్రెమాంసపు బార్బకోవాకు, అంటే గుంతలో నిదానంగా మగ్గబెట్టిన మాంసానికి, పేరుమోసిన పట్టణం. షెఫ్ క్రిస్టినా మార్టినెజ్ అక్కడ ఆ పనే వృత్తిగా ఉన్న కుటుంబంలో పెరిగారు. కూతురి చదువుకు డబ్బు సంపాదించడం కోసం ఎడారి గుండా సరిహద్దు దాటి వచ్చి, మొదట ఇతరుల వంటశాలలో పనిచేసి, తరువాత తన అపార్ట్‌మెంట్ నుంచీ, ఆపై తోపుడు బండి మీదా బార్బకోవా అమ్మి ఈ రెస్టారెంట్ దాకా వచ్చారు.

కాపుల్వాక్‌లో నేలలో గుంత తవ్వి, మగే అనే కిత్తనార జాతి ఆకులు పరిచి, అందులో మాంసాన్ని రాత్రంతా మగ్గబెడతారు. కారిన రసం అడుగునున్న పాత్రలో కాబూలీ శనగల మీద పడి, కొన్సొమే అనే చారు అవుతుంది. నగరం నడుమ వంటగదిలో గుంత తవ్వే వీలు లేకపోయినా, ఆ నిదానం ఇక్కడి మాంసంలో తెలుస్తుంది: ఎముక నుంచి దానంతటదే విడివడుతుంది, అయినా పీచు చెడదు. మొద్దు మీద కత్తితో కొట్టి, పక్కటెముక కావాలా, భుజం కావాలా అని అడిగి మరీ పెడతారు. పైన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం తప్ప మరేమీ అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది టోర్టియా, అంటే మాంసం చుట్టుకుని తినే పల్చటి మొక్కజొన్న రొట్టె. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పొట్టు వదిలాక రుబ్బిన ముద్దతో చేసినది కాబట్టి దానికి గింజ వాసన ఉంటుంది, చారు తగిలినా చిరిగిపోదు. పెన్సిల్వేనియా రైతుల చేత మెక్సికో రకాల మొక్కజొన్న పండింపజేసేదాకా మార్టినెజ్ వెళ్ళారంటే, అస్తిత్వాన్ని గోడల రంగుల్లో కాక పిండిలోనే నిలుపుకోవాలన్న పట్టుదల ఎంతటిదో అర్థమవుతుంది. నేను తిన్న మరో మెక్సికన్ హోటల్లో రంగు కాగితాల తోరణాలకు లోటు లేదు, టోర్టియాలు మాత్రం ప్యాకెట్‌వి.

మార్టినెజ్ తనకు వలస పత్రాలు లేవన్న సంగతిని దాచకుండా, భర్త బెన్ మిల్లర్‌తో కలిసి, పత్రాలు లేని కార్మికుల పనిహక్కు కోసం బహిరంగంగా మాట్లాడారు. అమెరికా రెస్టారెంట్ల వంటగదులు ఎవరి చేతుల మీద నడుస్తున్నాయో తెలిసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. 2022లో అమెరికాలో వంటవారికి పేరొందిన పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఆమెకు మిడ్-అట్లాంటిక్ ప్రాంతపు ఉత్తమ షెఫ్ పురస్కారం ఇచ్చింది. ఆ గౌరవం ఒక ఊరి వంటను మార్చకుండా వండినందుకు దక్కిందని నాకు చాలా సంతోషం.

చీజ్ నింపి చుట్టిన గోధుమ రొట్టెలు, బర్రిటోలు, కోరుకునేవారికి ఇది తగిన చోటు కాదు. గొర్రె పొట్టలో బోటీ, మిరప మసాలా కూరి వండిన పాన్సితాను తప్పక అడగండి, కొన్సొమే మాత్రం టాకో (టోర్టియాలో మాంసం పెట్టి మడిచినది) కంటే ముందే తాగండి. ఇది వారాంతపు ఉదయాల భోజనం కాబట్టి పెందలాడే వెళ్ళడం మంచిది.