బాబిలోన్ 5 డీవీడీ పెట్టె: పదిహేడేళ్ళు వాడాక

2008 సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్న మా బావమరిది ఫోన్ చేసి, "బావా, నీకేం తెమ్మంటావు?" అన్నాడు. సెంటు సీసాలు వద్దురా, బాబిలోన్ 5 ఐదు సీజన్లూ పట్టుకురా అన్నాను. "అదేంటి, మందా?" అన్నాడు. అప్పట్లో పర్లాకిమిడిలో నాది సీడీలు అద్దెకిచ్చే షాపు, వెనక గదిలో టీవీల రిపేరు. అంతకుముందు బరంపురంలో ఓ స్నేహితుడి గదిలో ఈ అమెరికా టీవీ సీరియల్ నాలుగు ఎపిసోడ్లు చూసి, మిగతా కథ ఏమైందో తెలీక రెండేళ్ళు గిలగిల్లాడాను. ఊరందరికీ సినిమాలు నా చేతిమీదుగానే వెళ్ళేవి. నాక్కావలసింది మాత్రం నా షాపులో దొరికేది కాదు.

సీజనుకి 6 చొప్పున 30 డిస్కులు. మడత విప్పుతూ పోతే బల్లంత పొడుగయ్యే అట్ట పెట్టెలు. మొదటి రాత్రే ప్లేయర్ మొరాయించింది. ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లోనే ఆడేటట్టు డీవీడీలకి రీజియన్ అని ఓ అంకె తాళం వేస్తారు. అమెరికా డిస్కు రీజియన్ 1, మనది 5. ఇంట్లో ఉన్న ఖరీదైన ప్లేయర్ ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు గానీ, షాపులో ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాని చవక ప్లేయర్ ఒప్పుకుంది. ట్రే బయటికి తీసి, రిమోట్ మీద కొన్ని అంకెలు వరసగా నొక్కితే దాచిపెట్టిన మెనూ ఒకటి తెరుచుకుంటుంది. అందులో 5 తీసి 0 పెట్టాను. అంతే, ఏ దేశం డిస్కయినా ఆడేసింది. ఆ రాత్రి మూడింటిదాకా చూశాను.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 2258వ సంవత్సరం. అంతరిక్షంలో ఐదు మైళ్ళ పొడవు స్టేషను. తన చుట్టూ తాను గిర్రున తిరుగుతూ, ఆ తిరుగుడుతోనే లోపల కాళ్ళు నేలకి ఆనేటట్టు చేస్తుంది. అందులో రెండున్నర లక్షలమంది, మనుషులూ ఇతర గ్రహాలవాళ్ళూ కలిసి. బాబిలోన్ 1, 2, 3 విద్రోహానికి పోయాయి, 4 మాయమైంది, ఇది ఐదోది. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఒక్క మనిషే రాశాడు, జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ. మూడు, నాలుగు సీజన్లయితే పూర్తిగా ఆయనవే. మొదటి సీజన్లో ఎవరో ఊసుపోక అన్నట్టున్న మాట, మూడో సీజన్లో వచ్చి మెడకి చుట్టుకుంటుంది. ఏ వారం కథ ఆ వారంతో ముగిసిపోయే సీరియళ్ళ మధ్య, 1994లో, ఐదేళ్ళ కథని ముందే గీసుకుని మొదలుపెట్టడం చిన్న తెగింపు కాదు.

స్టేషన్లో బజారుంటుంది, జోకలో అంటారు. అది నాకు వింతగా అనిపించలేదు. మా ఊళ్ళో పొద్దున్నే కూరలకెళితే ఒరియా, తెలుగు, సవర మూడూ ఒకే బేరంలో వినబడతాయి. గిడుగు రామమూర్తి గారు సవరల మాట నేర్చుకున్న ఊరు మాది. అందుకేనేమో, ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ కూడా నా వెనక కూర్చుని మొత్తం కథ పట్టేసింది. నెమలి పింఛంలా జుట్టు నిలబెట్టుకునే రాయబారి లొండోని "పింఛంగాడు" అనేది. ఒంటినిండా మచ్చలుండే ఇంకో రాయబారి జి'కార్‌ని మాత్రం "పాపం మచ్చలాయన" అనేది. రెండో సీజన్లో పింఛంగాడు చీకటివాళ్ళతో (షాడోలని, కథలో విలన్లు) చేతులు కలిపిన రోజు అమ్మ అన్నం తినలేదంటే నమ్మండి. జి'కార్ వేసిన ఆండ్రియాస్ కత్సూలస్ 2006లోనే పోయాడని అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇక అసలు ఫిర్యాదు. ఇది టీవీ రిపేరు చేసేవాడి కంటితో చెబుతున్నాను.

ముందు ముందు వెడల్పు టీవీలొస్తాయని ఆలోచించి, నటులున్న దృశ్యాల్ని వెడల్పు తెరకి సరిపడేలా ఫిల్మ్ మీద తీశారు. కంప్యూటర్ బొమ్మల్ని మాత్రం అప్పటి చదరపు టీవీ కొలతకే చేశారు. డీవీడీ వేసేటప్పుడు ఈ రెండింటినీ వెడల్పులోకి తెచ్చారు. నటుల బొమ్మకి ఇబ్బంది లేదు. ఓడలూ స్టేషనూ ఉన్న బొమ్మకి మాత్రం పైనా కిందా కోసేసి, మిగిలిందాన్ని సాగదీశారు. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటారు, మొహం మీద చెమట చుక్క కూడా తెలుస్తుంటుంది. ఒకడు తుపాకీ ఎత్తుతాడు. గుండు వెలుగు తెర మీదికి వచ్చే ఆ రెండు క్షణాలు బొమ్మ మొత్తం ముందుకు దూకి, మసకబారి, జిరాక్సుకి జిరాక్సు తీసినట్టయిపోతుంది. వెలుగు ఆరగానే మళ్ళీ చెమట చుక్క కనబడుతుంది. నటుల బొమ్మలో కంప్యూటర్ పని కలిసిన ప్రతిచోటా ఇదే తంతు.

నా పాత 21 అంగుళాల డబ్బా టీవీలో ఇది పెద్దగా తెలిసేది కాదు. 43 అంగుళాల ఎల్ఈడీ కొన్నాకే కళ్ళు మండాయి. టీవీ పెరిగినకొద్దీ పెట్టె పరువు పోతూ వచ్చింది. ఈ సీరియల్ పైలట్‌కి, అంటే ముందుగా తీసిన నమూనా సినిమాకి, 1993లో విజువల్ ఎఫెక్ట్స్‌కి అమెరికా టీవీ బహుమతి ఎమ్మీ వచ్చింది. అమిగా కంప్యూటర్ల మీద కుర్రాళ్ళు కూర్చుని చేసిన పని అది. అలాంటి పనికి ఈ గతి పట్టించారు.

దీన్ని ఎప్పటికైనా బాగుచేస్తారు, ఇరవయ్యేళ్ళ పండక్కి చేస్తారు అని నేను గట్టిగా నమ్మాను. పైలట్ 1993 ఫిబ్రవరి 22న వచ్చింది కదా, 2013 ఫిబ్రవరికి కొత్త పెట్టె వస్తుందని బావమరిదికి ముందే చెప్పి ఉంచాను. ఫిబ్రవరి వెళ్ళింది, వేసవి వెళ్ళింది. అక్టోబరు 12న వచ్చింది మాత్రం ఫైలిన్ తుఫాను. అటు గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే ఇటు మాకు నాలుగు రోజులు కరెంటు లేదు.

ఆ ఏడాది అభిమానులకి దక్కింది ఒకే ఒక్కటి, అదీ హక్కులున్న స్టూడియో ఇచ్చింది కాదు. మొదటి సీజన్లో కమాండర్ సింక్లెయిర్‌గా వేసిన మైకేల్ ఓహేర్ రెండో సీజన్‌కి ఎందుకు లేడో ఎవరికీ తెలిసేది కాదు. "బాగా చెయ్యలేదు, తీసేశారు" అని నేనూ షాపులో పదిమందికి చెప్పాను. 2012 సెప్టెంబరులో ఆయన పోయాక, 2013లో అభిమానుల సభలో స్ట్రాజిన్‌స్కీ అసలు సంగతి బయటపెట్టాడు. ఓహేర్ తీవ్రమైన మానసిక జబ్బుతో పెనుగులాడుతూ ఆ సీజన్ పూర్తి చేశాడట. ఈ రహస్యం నా చావుదాకా దాచుతానని స్ట్రాజిన్‌స్కీ అంటే, నీ చావుదాకా వద్దు, నా చావుదాకా దాచు చాలు అన్నాడట ఓహేర్. అది తెలిశాక మొదటి సీజన్ మళ్ళీ మొదటినుంచి చూశాను. బిగుసుకుపోయి నటిస్తున్నాడని నేను వెక్కిరించిన ప్రతి సీనూ వేరేగా కనబడింది.

2018కి పాతికేళ్ళు. ఈసారి ఆశ తగ్గించుకున్నాను, తుఫానే పెద్దదొచ్చింది. అక్టోబరు 11న తిత్లీ. పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఉతికేసింది. షాపు రేకు లేచిపోయి అలమరలోకి నీళ్ళొచ్చాయి. అట్ట పెట్టెలు అప్పడాల్లా ఉబ్బిపోయాయి. 30 డిస్కులూ మంచినీళ్ళతో కడిగి, పాత నూలు చీర ముక్కతో మధ్యనుంచి అంచుకి తుడిచి (గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి, ఎవరూ అలా తుడవకండి), దండెం మీద నూలు దారానికి గుచ్చి ఆరబెట్టాను. పక్కింటావిడ చూసి దిష్టికి కట్టారా అంది. ఒక్కటి తప్ప అన్నీ బతికాయి. అయిదేళ్ళకోసారి పండగ కోసం చూస్తే అయిదేళ్ళకోసారి తుఫాను రావడమేంటో నాకైతే అర్థం కాలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ తర్వాత కొంత జరిగింది. 2021లో ఫిల్మ్‌ని కొత్తగా స్కాన్ చేసి, బొమ్మని మళ్ళీ చదరపు కొలతకే తెచ్చి వదిలారు. కోత పోయింది, మంచిదే. కానీ కంప్యూటర్ దృశ్యాల్ని మళ్ళీ తయారుచెయ్యలేదు, ఉన్నవాటినే పెద్దవి చేశారు. 2023లో, ముప్పయ్యేళ్ళకి, ఒక యానిమేషన్ సినిమా, డిసెంబరులో బ్లూ-రే పెట్టె. ఈలోగా తారాగణం సగం ఖాళీ అయింది. రిచర్డ్ బిగ్స్, కత్సూలస్, జెఫ్ కానవే, ఓహేర్, జెర్రీ డోయల్, స్టీఫెన్ ఫర్స్ట్. 2021 జనవరిలో మీరా ఫుర్లాన్ కూడా. జాగ్రెబ్‌లో పుట్టి, బెల్‌గ్రేడ్‌లోనూ నాటకాలు వేసి, యుగోస్లావియాలో యుద్ధమొచ్చాక సొంతవాళ్ళే తిట్టిపోస్తే 1991లో దేశం వదిలి వచ్చిన మనిషి. డెలెన్ పాత్రలో ఆమె యుద్ధం గురించి మాట్లాడితే అది నటనలా ఉండదు. ముప్పయ్యో పండక్కి పిలవడానికి వీళ్ళెవరూ లేకపోయాక పండగ చేశారు. నాకు కోపం అక్కడ. పదేళ్ళ ముందు చేసుంటే వీళ్ళలో కనీసం ముగ్గురైనా వచ్చి కూర్చునేవారు.

ఇంతకీ ఈ డీవీడీ పెట్టె కొనొచ్చా అంటే, పాతది చవగ్గా దొరికితే, మీ టీవీ చిన్నదయితే, కొనండి. కథకి ఐదుకి ఐదు, ముద్రణకి రెండు. అట్ట పెట్టెలకి సున్నా. లోపలి ప్లాస్టిక్ పళ్ళు రెండేళ్ళలోనే విరిగి డిస్కులు గలగలమంటాయి. కొన్ని ఎపిసోడ్లకి నటులు పక్కపక్కన కూర్చుని ఒకర్నొకరు ఆటపట్టిస్తూ చెప్పిన వ్యాఖ్యానాలున్నాయి, వాటికోసమైనా నేను ఇది పారెయ్యను. మొదటి సీజన్ నత్తనడక నడుస్తుంది, ఓపిక పట్టాలి. ఐదో సీజన్ సగం నీరసమే: నాలుగోదే ఆఖరనుకుని కథంతా అక్కడే కుదించేశారు, తర్వాత వేరే ఛానెల్ ఆదుకుంటే ఇది తీశారు.

తిత్లీలో పోయిన ఆ ఒక్క డిస్కు మూడో సీజన్‌ది. 1997లో హ్యూగో అనే సైన్స్ ఫిక్షన్ బహుమతి వచ్చిన యుద్ధం ఎపిసోడ్ దాంట్లోనే ఉంది. సరిగ్గా ఓడలు ఎదురుపడే చోట బొమ్మ గడ్డకట్టి గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. అమ్మ ఆ చోటికి రాగానే ఇప్పటికీ, "ఒరేయ్, ముందుకి తొయ్యరా" అంటుంది.