చిన్న కారులో కొండ ప్రయాణం: సుఖపెట్టిన సామాన్లు, బ్యాటరీ తాగేసిన ఫిటింగులు

తిరుపతిలో ఏదో ఒక డెకార్ షాపులో స్టీరియో, కెమెరా పెట్టించుకుని అక్కడి నుంచి నేరుగా కొండెక్కుదామని అనుకునేవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మాది వెయ్యి సీసీ చిన్న హ్యాచ్‌బ్యాక్, 2018 బేస్ మోడల్. చిత్తూరు నుంచి అమ్మ, మామగారు, మా ఆవిడ, పాపతో కాణిపాకం, తిరుమల, శ్రీకాళహస్తి, తలకోన చూసి రావాలని బయల్దేరాం. కాణిపాకంలో దర్శనం ఇట్టే అయిపోయింది, పూతలపట్టు మీదుగా తిరుపతి దాకా రోడ్డు హాయిగా ఉంది. తలనొప్పి మొదలైంది తిరుపతిలోని డెకార్ షాపులో.

బిల్లు ఇది: తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో రూ.8,500, రివర్స్ కెమెరా రూ.1,300, ముందు రోడ్డును రికార్డు చేసే డాష్‌క్యామ్ రూ.3,200, డాష్‌బోర్డు కింద వెలిగే లైటు పట్టీ రూ.900, ఫిటింగ్ రూ.900. మొత్తం రూ.14,800. రెండు గంటల్లో బిగించేశారు. స్క్రీను వెలిగింది, పాట వచ్చింది, పాప సంబరపడింది. కొండ మీద కారుతో పనే ఉండదు. దేవస్థానం వాళ్ల ఉచిత బస్సులు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి బండి పార్కింగ్‌లోనే ఉండిపోయింది. రెండు రాత్రులు గడిచాక తాళం తిప్పితే టిక్ టిక్ అన్న చప్పుడే తప్ప సెల్ఫ్ తీసుకోలేదు.

తప్పు ఎక్కడుందో స్టీరియో బయటికి లాగితే కనిపించింది. ఆండ్రాయిడ్ స్టీరియోకి వెనక పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ ఉంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు ఇవ్వాలి. సెట్టింగులు, టైము చెరిగిపోకుండా కాపాడేది అదే, అది తాగేది చాలా తక్కువ. ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు ఇవ్వాలి. ఈ షాపువాళ్లు కంపెనీ కప్లర్‌ను (వైర్లు కలిపే ప్లగ్గు) కోసేసి, పసుపు, ఎర్ర రెండింటినీ మెలిపెట్టి ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకే చుట్టి, పైన ఇన్సులేషన్ టేపు వేశారు. అంటే తాళం తీసినా స్టీరియో పూర్తిగా పడుకోదు. డాష్‌క్యామ్‌కూ అదే లైను. లైటు పట్టీకి లోపలి లైటు దగ్గర నుంచి కరెంటు లాగారు.

దీన్ని లెక్కలో చూస్తే ఎంత అన్యాయమో తెలుస్తుంది. మామూలుగా కారు లాక్ చేసి పెడితే బ్యాటరీ నుంచి పోయే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. మా బండిలో మీటరు పెట్టి చూస్తే 430. మాది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. 40 గంటలు నిలబెడితే 17 ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు సగం అక్కడే పోయింది. కొత్త బ్యాటరీ అయితే ఈడ్చుకొచ్చేదేమో, మూడేళ్ల బ్యాటరీ మిగిలిన సగంతో సెల్ఫ్ మోటారును తిప్పలేదు.

ఈ కొలత ఎవరైనా తీయొచ్చు. మల్టీమీటరులో ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, టెర్మినల్‌కీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టండి. తలుపులన్నీ మూసి, లాక్ చేసి అరగంట ఆగాక అంకె చూడండి. వెంటనే చూస్తే ఎక్కువే చూపిస్తుంది, కారులోని ఎలక్ట్రానిక్ యూనిట్లు పడుకోవడానికి టైము పడుతుంది. మీటరు అలా ఉండగా తాళం తిప్పారంటే మీటరు ఫ్యూజు పోతుంది. అంకె ఎక్కువ వస్తే ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ పోండి. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైనులో ఉన్నాడు.

పార్కింగ్‌లో అమ్మ ముఖం చూడలేకపోయాను. మోకాళ్ల నొప్పులతో అంతసేపు నిలబడింది. పక్కన బండి పెట్టుకున్న తిరుపతి టాక్సీ తమ్ముడొకడు అడగకుండానే జంపర్ కేబుళ్లు తెచ్చాడు. “బ్యానెట్ ఎత్తు అన్నా, ఐదు నిమిషాల్లో పోతాది” అన్నాడు. ముందు ఎర్ర క్లిప్పు మా బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో ఎర్ర క్లిప్పు తన బ్యాటరీ పాజిటివ్‌కు, ఆ తర్వాత నల్ల క్లిప్పు తన నెగటివ్‌కు, చివరి నల్ల క్లిప్పు మా ఇంజను మీద రంగు లేని ఇనుముకు పెట్టాడు, బ్యాటరీ మీద కాదు. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, అది బ్యాటరీ గ్యాసు దగ్గర లేవకూడదు. తన ఇంజను ఐదు నిమిషాలు నడిపాక మా బండి ఒక్క తిప్పుకే అందుకుంది. విప్పేటప్పుడు సరిగ్గా ఇదే తలకిందులుగా. డబ్బులు ఇవ్వబోతే “దేవుని కొండమింద దుడ్లేందమ్మా” అని అమ్మకే చెప్పి వెళ్లిపోయాడు. ఈ ప్రయాణం మొత్తంలో దొరికిన మంచి సర్వీసు అదే.

కిందికి వచ్చాక షాపుకు వెళ్తే “అందరికీ ఇట్లే వేస్తాం సార్, మీ బ్యాటరీ పాతది” అన్నారు. కప్లర్ మార్చమంటే ఒప్పుకోలేదు, కోసిన కప్లర్‌కు పూచీ లేదన్నారు. ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ గంటన్నరలో మొత్తం తీసి సరిగ్గా వేశాడు. మా మోడలుకు సరిపోయే కప్లర్ రూ.550, ఫ్యూజు చోటు నుంచి ఇంకో లైను తీసే ఫ్యూజ్ ట్యాప్ రూ.120, కూలి రూ.700. ఎర్ర వైరును సిగరెట్ సాకెట్ ఫ్యూజు నుంచి ట్యాప్ ద్వారా తీశాడు. డాష్‌క్యామ్‌ను ఆ సాకెట్‌లోనే గుచ్చాడు, మా బండిలో తాళం తీస్తే ఆ సాకెట్ ఆగిపోతుంది. లైటు పట్టీని పీకేయించాను. ఇప్పుడు అంకె 30 మిల్లీ ఆంపియర్లు.

కెమెరా పనిలోనూ అదే నిర్లక్ష్యం. డిక్కీ తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, వైరు దానిలోంచే రావాలి. వాళ్లు తలుపు అంచు రబ్బరు బీడింగు మీదుగా లాగారు. తలుపు మూసిన ప్రతిసారీ వైరు నలుగుతుంది, ఆ సందులోంచి వాననీళ్లు డిక్కీలోకి దిగుతాయి. కెమెరాకు కరెంటు రివర్స్ లైటు నుంచి రావాలి. వీడియో కేబుల్‌తో పాటే సన్నటి ఎర్ర వైరు ఒకటి వస్తుంది, అది రివర్స్ లైటు పాజిటివ్‌ను స్టీరియో వెనక రివర్స్ వైరుకు చేరవేస్తుంది. అది కలపకపోతే గేరు వేసినా స్క్రీను మారదు. కెమెరా అవసరమా అంటే, మా లాంటి పాత బండికి అవసరమే. రివర్స్ సెన్సర్లు తప్పనిసరి అయింది 2019 జూలై 1 నుంచి. ఆ తర్వాత తయారైన బండి అయితే సెన్సర్లు ఉంటాయి కాబట్టి, ఆ డబ్బులు వేరేదానికి పెట్టుకోండి.

నిజంగా సుఖపెట్టినవి వేరే. వాటన్నిటికీ కలిపి అయింది రూ.4,550, ఒక్క వైరు కూడా కోయలేదు.

నడుము కుషన్ రూ.650. చిన్న కార్ల సీట్లలో నడుము దగ్గర ఆసరా ఉండదు. కుషన్ మందం ఐదారు సెంటీమీటర్లు దాటకూడదు, ప్యాంటు బెల్టు పెట్టుకునే ఎత్తులో ఉండాలి. ఇంకా మందంగా ఉంటే భుజాలు సీటును తాకవు, తల హెడ్‌రెస్ట్‌కు దూరమైపోతుంది. కింద కూర్చునే కుషన్ డ్రైవరుకు వద్దే వద్దు. బ్రేకు తొక్కినప్పుడు జారుతుంది, సీటు బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. అమ్మకు మాత్రం ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఇచ్చాం. మోకాళ్లు చాపుకునే చోటు దొరికాక ఆమె మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.

వెనక కిటికీలకు జాలీలు రూ.480, నిలబెట్టినప్పుడు ముందద్దానికి అడ్డుపెట్టే వెండిరంగు షేడ్ రూ.300. మామగారి ఫిర్యాదంతా ఎండ గురించే, పాకాల దాటేసరికే ఆయన ఉత్తరీయం కిటికీకి కట్టేశారు. సన్‌ఫిల్మ్ వేయిద్దామంటారు షాపువాళ్లు. అద్దాల మీద అంటించే ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, కొండ కింద అలిపిరి దగ్గర పోలీసుతో వాదన మీకెందుకు? ముందద్దం మీద లోహం కలిసిన ఫిల్మ్ వేస్తే ఫాస్టాగ్ కూడా సరిగ్గా చదవదు. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. డాష్‌క్యామ్ కూడా స్టిక్కరు మీదికి రాకుండా పక్కకు పెట్టించండి. జాలీలు వెనక కిటికీలకే. ముందు తలుపులకు పెడితే సైడు అద్దాలు కనబడవు.

క్యాబిన్ ఫిల్టర్ రూ.320. ఏసీ చల్లగా లేదని గ్యాసు పట్టించే ముందు దీన్ని చూడండి. గ్లవ్‌బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వేలాడుతుంది, దాని వెనకే పొడుగాటి మూత ఉంటుంది. పాతది లాగితే మాకు ఎండుటాకులు, దుమ్ము పొరగా వచ్చాయి. కొత్తదాని మీద గాలి వెళ్లే దిశకు బాణం ఉంటుంది, తిరగేసి పెట్టకండి. కొన్ని బేస్ మోడళ్లలో కంపెనీ ఫిల్టరే పెట్టదు, చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. అక్కడ ఫిల్టరు పెట్టుకుంటే ఏసీ లోపలి కాయిలుకు దుమ్ము పట్టదు. మిగిలినవి రెండు ఫోన్లు ఒకేసారి పట్టే ఛార్జర్ రూ.900, టైరు గాలి పంపు రూ.1,900.

సీటు కవర్ల గురించి ఒక్క మాట. రెక్సిన్ లెదర్ కవర్లు తిరుపతి ఎండకు వీపు కాలుస్తాయి. గుడ్డ కవర్లే మేలు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఆ పక్క కుట్టు ప్రత్యేకంగా తేలిగ్గా విడిపోయేలా చేసిన కవర్లు తప్ప మరేవీ వేయొద్దు. కాళ్ల కింద పరిచే మందపాటి సెవెన్‌డీ మ్యాట్లు రూ.3,500 అన్నారు, వద్దన్నాం. కింద తడి చేరితే ఆరదు, వాసన పడుతుంది. డ్రైవరు వైపు మందంగా లేచి యాక్సిలరేటరుకు తగిలిన బండ్లు ఉన్నాయి. ఆర్మ్‌రెస్ట్ పెట్టించేముందు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా పైకి లాగి చూడండి, చిన్న కార్లలో ఎక్కువగా రెండూ ఒకదానికొకటి తగులుతాయి.

ఘాట్ సంగతి. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్. అలిపిరి నుంచి పైకి 28 నిమిషాల కన్నా ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాల కన్నా ముందు రాకూడదు. ఐదుగురితో, సామానుతో వెయ్యి సీసీ బండి మలుపుల్లో రెండో గేరే అడుగుతుంది. ఏసీ వేసుకుని మూడో గేరులో లాగిస్తే ఇంజను కొట్టుకుంటుంది. టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఫుల్ లోడుకు రాసినంత ఉండాలి, ఖాళీ బండికి రాసినది కాదు. దిగేటప్పుడు కూడా రెండో గేరే. న్యూట్రల్ చేస్తే బ్రేకులు కాలి పట్టు పోతుంది. జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేసి దిగిన మాకు గేరులో దిగడం ఇంకో రకంగా కలిసొచ్చింది. ఇంజను వేగంగా తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ ఛార్జ్ అవుతూనే ఉంది.

బస విషయానికొస్తే, రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి రూ.2,200 తీసుకుంది. ‘పార్కింగ్ కలదు’ అని బోర్డు. చూస్తే సందులో గోడవారగా వరుస, తాళం వాచ్‌మన్‌కు ఇచ్చిపోవాలి, తెల్లవారుజామున మన బండి బయటికి రావాలంటే ముందున్న నాలుగు బండ్లు కదలాలి. మా ఆవిడ ఆ పొద్దంతా నాతో మాట్లాడలేదు. మరుసటి బస రేణిగుంట రోడ్డులో రూ.1,900, విశాలమైన ఆవరణ, వేపచెట్ల నీడ. కారుతో వచ్చేవాళ్లకు రేణిగుంట రోడ్డో అలిపిరి వైపో చూసుకోవడమే సుఖం. దేవస్థానం విష్ణు నివాసం, శ్రీనివాసంలో గది దొరికితే ఇంకేం ఆలోచించకండి.

శ్రీకాళహస్తి సాఫీగా అయిపోయింది. తలకోనకు భాకరాపేట మీదుగా వెళ్లాం. అడవి దారిలో వెనక టైరుకు మేకు దిగి గాలి మెల్లగా దిగసాగింది, గాలి పంపు అక్కడ ఆదుకుంది. ఇంజను నడుస్తుండగా సాకెట్‌లో గుచ్చాలి. అది పది ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆపి ఉన్న బండిలో బ్యాటరీకి మళ్లీ అదే గతి. గాలి 20 నుంచి 33 పీఎస్‌ఐకి ఎక్కడానికి ఐదు నిమిషాలు పట్టింది. మేకు పీకకుండా అలాగే భాకరాపేట దాకా వచ్చి పంచర్ వేయించాం, ట్యూబ్‌లెస్ టైరుకు రూ.150.

కొండెక్కేలోపు ఫిటింగు సరిచేయించుకునే టైము లేనివాళ్లు 10 నంబరు స్పానరు ఒకటి డిక్కీలో వేసుకెళ్లండి. పార్క్ చేశాక నెగటివ్ టెర్మినల్ విప్పి, బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు తిప్పి పెట్టండి. సెంట్రల్ లాక్ పనిచేయదు కాబట్టి బ్యానెట్ మూశాక డ్రైవరు తలుపు తాళంచెవితోనే వేసుకోవాలి, మిగతా తలుపులు ముందే లోపలి నుంచి నొక్కేయాలి. దిగివచ్చాక గడియారం, స్టీరియో సెట్టింగులు మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే.