తప్పు అవతలివారిది, నలిగింది మన కారు: ఏ దారిలో వెళ్లడం మేలు?

తాడిపత్రి దగ్గర బండల లోడుతో ఉన్న లారీ ఒకటి చూసుకోకుండా వెనక్కి వచ్చి, రోడ్డు పక్కన ఆపి ఉంచిన కారును గుద్దిందనుకుందాం. తప్పు ఎవరిదన్న విషయంలో వాదనకు తావే లేదు. కానీ కారు బాగు చేయించే ఖర్చు ఎవరి ఇన్సూరెన్స్ నుంచి రావాలన్న ప్రశ్నకు జవాబు అంత సూటిగా ఉండదు. తప్పు లారీదే కాబట్టి లారీ ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టాలని కారు యజమానులు పట్టుబట్టడం సహజం, చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. అయితే లారీకి పాలసీ ఇచ్చిన కంపెనీతో కారు యజమానికి ఏ ఒప్పందమూ లేదు కాబట్టి, అతను ఫోన్ చేసినంత మాత్రాన అది నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌ను పంపదు, గ్యారేజీ బిల్లు కట్టదు. అమెరికాలో ఉన్న పిల్లలు "అవతలివాళ్ల కంపెనీకి నేరుగా క్లెయిమ్ పెట్టండి నాన్నా" అని సలహా ఇస్తుంటారు గానీ, ఆ పద్ధతి అనంతపురంలో నడవదు. ఇక్కడ ఆ డబ్బు రావాలంటే సాధారణంగా మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ మెట్లు ఎక్కాల్సిందే.

అందువల్ల బాధితుడి ముందు నిజంగా ఉన్నవి మూడు దారులు. సొంత పాలసీలోని ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మన బండికి జరిగిన నష్టాన్ని భరించే భాగం, కింద క్లెయిమ్ చేయడం మొదటిది. అవతలి డ్రైవరును, యజమానిని, వారి ఇన్సూరెన్స్ కంపెనీని ప్రతివాదులుగా చేర్చి ట్రిబ్యునల్‌లో థర్డ్ పార్టీ క్లెయిమ్, అంటే వారి బండి వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి క్లెయిమ్, వేయడం రెండవది. అక్కడికక్కడే రాజీ పడి డబ్బు తీసుకోవడం మూడవది.

సొంత పాలసీ: త్వరగా తేలుతుంది, ఊరికే రాదు

ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ కలిసిన కాంప్రహెన్సివ్ పాలసీ ఉన్నవారికి మొదటి దారిలో ఉన్న సౌలభ్యం చాలా పెద్దది. తప్పెవరిదో నిరూపించే బాధ్యత ఉండదు. ప్రమాదం జరిగిందని, నష్టం దానివల్లే కలిగిందని తేలితే చాలు. కంపెనీకి వెంటనే తెలియజేసి, సర్వేయర్ చూసేవరకు బండిని విప్పకుండా ఉంచితే, బిల్లును కంపెనీ నేరుగా కట్టే క్యాష్‌లెస్ గ్యారేజీలో పని సాధారణంగా కొద్ది వారాల్లో పూర్తవుతుంది. కొత్త కారు కొన్నప్పుడు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒక కంపెనీ దగ్గర, తర్వాత విడిగా తీసుకున్న ఓన్ డ్యామేజ్ పాలసీ మరో కంపెనీ దగ్గర ఉన్నవారు మాత్రం రెండవ కంపెనీకే ఫోన్ చేయాలని గుర్తుంచుకోవాలి.

అయితే ఈ సౌలభ్యానికి ఒక ధర ఉంది. దానిని అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. నాలుగున్నరేళ్ల వయసున్న, 1500 సీసీ లోపు ఇంజిన్ గల కారుకు 32,000 రూపాయల బిల్లు అయిందనుకుందాం: బంపర్ 6,000, డోరు 12,000, పెయింటింగ్ 8,000, కూలి 6,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాలపై తరుగుదల కింద సగం కోస్తారు కాబట్టి బంపర్‌లో 3,000 పోతుంది. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు ఉన్న బండికి లోహ భాగాలపై తరుగుదల 35 శాతం కాబట్టి డోరులో 4,200 పోతుంది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు సామగ్రిగా లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు కాబట్టి మరో 1,000 పోతుంది. కూలిలో కోత ఉండదు. చివరగా ప్రతి క్లెయిమ్‌లో యజమానే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు, 1500 సీసీ లోపు కార్లకు 1,000. అంటే మొత్తం 9,200 రూపాయలు యజమాని చేతి నుంచి పడతాయి. కంపెనీ ఇచ్చేది 22,800 మాత్రమే. జీరో డెప్రిసియేషన్ కవర్ ఉంటే తరుగుదల కోత తప్పుతుంది గానీ తప్పనిసరి మినహాయింపు తప్పదు.

దీనికంటే పెద్ద దెబ్బ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, రూపంలో తగులుతుంది, అది మాత్రం బిల్లులో కనిపించదు. వరుసగా క్లెయిమ్ లేని ఏళ్లకు ఈ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్ పెట్టగానే సున్నాకు పడిపోతుంది. తప్పు తమది కాదన్న కారణంతో అది నిలబడదు. బోనస్‌ను కాపాడే అదనపు కవర్ (యాడ్-ఆన్) ముందే కొనుక్కుని ఉంటే తప్ప. 50 శాతం బోనస్ ఉన్న వ్యక్తి తిరిగి అదే మెట్టుకు చేరేలోపు మొదటి రెన్యువల్‌లో 50, తర్వాత వరుసగా 30, 25, 15, 5 శాతం చొప్పున, అంటే మొత్తం మీద ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంకు ఒకటింపావు వంతు కోల్పోతాడు. ఆ ప్రీమియం బోనస్‌కు ముందు 8,000 అయితే, అది మారదనుకున్నా, నష్టం 10,000. పై ఉదాహరణలో కారు యజమానికి లారీ డ్రైవరు నిర్లక్ష్యం వల్ల అసలు తగిలిన భారం 9,200 కాదు, 19,200.

మన కంపెనీ ఆ డబ్బును లారీ కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న సబబైనదే. సూత్రం ప్రకారం ఆ హక్కు దానికి ఉంది. కానీ ఎవరి పాలసీదారు బండి నష్టం వారే భరించుకోవాలన్న అవగాహన, నాక్ ఫర్ నాక్ పేరుతో, మన దేశంలోని ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య చాలాకాలంగా ఉంది. అందువల్ల బోనస్ పోయిన వ్యక్తి తరఫున కంపెనీ పోరాడుతుందని ఆశించడం వృథా.

ఇక్కడే గ్యారేజీల్లో వినిపించే ఒక సలహా గురించి చెప్పాలి. ఎఫ్ఐఆర్ గొడవ ఎందుకని, క్లెయిమ్ ఫారంలో "కుక్క అడ్డం వచ్చి గోడకు తగిలింది" అని రాయమంటారు. పని సులువవుతుందని సంతకం పెట్టేవారూ ఉన్నారు. కానీ వెనుక నుంచి లారీ గుద్దిన బండికి ముందు నుంచి గోడ తగిలిన కథ సర్వేయర్ ముందు నిలవదు. అబద్ధమని తేలితే క్లెయిమ్ మొత్తం తిరస్కరించే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. పైగా లారీ ప్రసక్తే లేదని సొంత చేత్తో రాసిచ్చిన తర్వాత ఆ లారీ యజమాని మీద ఏ క్లెయిమ్ నిలబడుతుంది? ఫారంలో అవతలి బండి వివరాలు అడిగే గడి ఉంటుంది. నెంబరుతో సహా దానిని నింపడమే సరైన పని.

ట్రిబ్యునల్: రావలసినదంతా అడగవచ్చు, వచ్చేదాకా ఆగాలి

రెండవ దారిలో తరుగుదల కోతలు లేకుండా నష్టమంతా అడగవచ్చు, వడ్డీ కూడా కోరవచ్చు, బోనస్‌కు ఏమీ కాదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవారికి, రాజీని పక్కన పెడితే, ఇది తప్ప వేరే దారి లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 166వ సెక్షన్ కింద గాయపడినవారే కాక, ఆస్తి నష్టపోయిన యజమాని కూడా దరఖాస్తు చేయవచ్చు. ప్రమాదం జరిగిన చోటనే వేయాలన్న నియమం లేకపోవడం ఒక పెద్ద ఊరట. తమిళనాడులోని కృష్ణగిరి దాటాక అక్కడి లారీ గుద్దినా, కర్నూలులో నివసించే వ్యక్తి కర్నూలు జిల్లా కోర్టు ఆవరణలోని ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చు.

అయితే నిర్లక్ష్యం అవతలివారిదేనని నిరూపించే బరువు ఇక్కడ మన మీదే ఉంటుంది. ఎఫ్ఐఆర్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక, ఫోటోలు, సర్వేయర్ అంచనా, అసలు బిల్లులు లేకుండా ఈ దారిలో అడుగు పెట్టకూడదు. 2019 సవరణ తర్వాత ప్రమాద తేదీ నుంచి ఆరు నెలల గడువు వచ్చింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది కాబట్టి ఆ లోపే దరఖాస్తు వేయడం క్షేమం. కార్లు, లారీల థర్డ్ పార్టీ పాలసీల్లో ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల రూపాయల వరకు, ద్విచక్ర వాహనాలకు లక్ష వరకు కవర్ ఉంటుంది. అయితే కాస్త ప్రీమియం తగ్గుతుందని ఆ పరిమితిని 6,000కు కుదించుకున్న పాలసీలూ ఉంటాయి. అలాంటి పాలసీ ఎదురైతే మిగతా మొత్తం అవతలి యజమాని సొంత జేబు నుంచే రావాలి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. గుద్దినది ట్రాక్టరు అయితే, దాని పాలసీ వ్యవసాయ పనులకే తీసుకున్నదై ఉండి, ప్రమాద సమయంలో అది కిరాయికి ఇసుకో ఇటుకలో మోస్తూ ఉంటే, పాలసీ షరతు ఉల్లంఘించారని కంపెనీ తప్పకుండా అడ్డం తిరుగుతుంది. డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా అదే వాదన వస్తుంది. ఇటువంటి సందర్భాల్లో ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు కంపెనీలను ఆదేశించిన తీర్పులున్నాయి గానీ, అక్కడిదాకా రావడానికే చాలా వాయిదాలు పడతాయి. ముప్ఫై వేల బిల్లు కోసం, వకీలు ఫీజు కలుపుకుని, ఇంత దూరం నడవడం నా దృష్టిలో లాభసాటి కాదు. మూడు లక్షల నష్టమై, సొంత పాలసీలో ఓన్ డ్యామేజ్ భాగం లేకపోతే మాత్రం తప్పకుండా నడవాలి. ఆ నడకను తగ్గించేది లోక్ అదాలత్ ఒక్కటే. అక్కడ కుదిరిన రాజీపై అప్పీలు ఉండదు కాబట్టి కొంత తగ్గించుకుని ఒప్పుకున్నా డబ్బు త్వరగా చేతికి వస్తుంది.

మనుషులకు గాయాలైతే లెక్క పూర్తిగా వేరు. ఓన్ డ్యామేజ్ భాగం బండికే గానీ మనిషికి కాదు. అప్పుడు కారును సొంత పాలసీ మీద బాగు చేయించుకుంటూనే, గాయాలకు పరిహారం కోసం అవతలివారి మీద ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఒకటి చేస్తే రెండవది పోదు. తప్పు నిరూపించనక్కర లేకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా అదే చట్టంలో ఉంది.

రాజీ: చేతిలో పడితేనే డబ్బు

"అన్నా, కేసు వద్దులేన్నా, ఓనరుతో మాట్లాడిస్తా, ఎంతో కొంత ఇప్పిస్తా" అనే మాట మన రోడ్ల మీద ప్రతి ప్రమాదం తర్వాతా వినిపిస్తుంది. చిన్న సొట్టకు, గీతకు ఇదే అన్నిటికంటే మేలైన దారి. పై లెక్క ప్రకారం బోనస్ నష్టమే 10,000 అయినప్పుడు ఏడెనిమిది వేల పని కోసం సొంత పాలసీని కదిలించడం తెలివైన పని కాదు. అవతలివారు ఆరు వేలు ఇచ్చినా పుచ్చుకుని పని చేయించుకోవచ్చు. కానీ డబ్బు అప్పటికప్పుడు ఫోన్‌పేలో పడాలి. రేపు పంపిస్తామన్న హామీ మీద బండి నెంబరైనా తీసుకోకుండా వదిలేస్తే, మరునాడు ఓనరు ఫోన్ ఎత్తడు, ఎత్తినా నలుగురు పెద్దమనుషులను మధ్యలో కూర్చోబెడతాడు. ఈలోగా సొంత కంపెనీకి తెలియజేయడంలో జరిగిన ఆలస్యం మన మెడకే చుట్టుకుంటుంది. పైకి చిన్నగా కనిపించినా హెడ్‌లైటు వెనుక బ్రాకెట్లు, రేడియేటరు దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి, బానెట్ ఎత్తి చూడకుండా మొత్తం ఒప్పుకోకూడదు.

ఎవరికి ఏది

పదివేల లోపు నష్టానికి రాజీ, అది కుదరకపోతే సొంత ఖర్చు. అంతకు మించిన నష్టానికి, కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే, సొంత క్లెయిమే నా సలహా. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటి బండి టోటల్ లాస్ కింద పడితే బోనస్ గురించి ఆలోచించనే అక్కరలేదు. సొంత క్లెయిమ్ చేసినంత మాత్రాన అవతలివారిని వదిలేసినట్టు కాదు: కోతల రూపంలో మన చేతి నుంచి పడిన మొత్తాన్ని, పై ఉదాహరణలోని 9,200ను, వారి నుంచి అడిగే వీలుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల పూర్తి డబ్బు తీసుకోవడం మాత్రం కుదరదు. కంపెనీ డబ్బు ఇచ్చే ముందు సంతకం చేయించుకునే వోచర్‌లో పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరించానన్న వాక్యం ఉంటుంది. తేడా మొత్తం పెద్దదై, అవతలివారి మీద వెళ్లే ఉద్దేశం ఉంటే, ఇది తమ పాలసీ కింద రావలసినదానికి మాత్రమేనని ఆ కాగితం మీదే రాసి సంతకం చేయడం మంచిది. లేకపోతే అవతలి వకీలు ట్రిబ్యునల్‌లో ముందుగా చూపించేది ఆ కాగితమే.

ఏ దారి ఎంచుకున్నా మొదటి గంటలో చేయాల్సిన పని ఒకటే. బండ్లను కదిలించకముందే రెండు నెంబరు ప్లేట్లు, రోడ్డు, టైర్ల గుర్తులు కనిపించేలా ఫోటోలు తీయాలి. డ్రైవరు లైసెన్సును, ఆర్‌సీని ఫోటో తీసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే అవతలి బండి ఇన్సూరెన్స్ గడువు అక్కడికక్కడే తెలుస్తుంది. గడువు తీరిపోయిందని తేలితే రాజీకి ఎంత గట్టిగా నిలబడాలో, డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకోవాలో అప్పుడే అర్థమవుతుంది. 44వ నెంబరు జాతీయ రహదారి మీద అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయవచ్చు. అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్‌ప్లాజాల దగ్గరి కెమెరా దృశ్యాలు అవసరమైతే, అవి చెరిగిపోకముందే భద్రపరచమని పోలీసుల ద్వారా అడిగించాలి. గుద్దిన బండి ఆగకుండా పోయినప్పుడు ఈ దృశ్యాలకు విలువ మరీ ఎక్కువ, ఎందుకంటే గుద్ది పారిపోయిన కేసుల్లో ప్రభుత్వ పథకం మరణానికి, తీవ్ర గాయానికి మాత్రమే డబ్బు ఇస్తుంది. నలిగిన కారుకు సొంత పాలసీ తప్ప దిక్కు లేదు.

సొంత కంపెనీ తక్కువ లెక్కగట్టినా, నెల రోజుల్లో ఫిర్యాదుకు జవాబివ్వకపోయినా, పాలసీదారుల ఫిర్యాదులు విచారించే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం పరిధిలోనిదే. అవతలివారి కంపెనీ మీద ఆ ఫిర్యాదు చెల్లదు.