కంప్యూటర్ సొంతంగా బిగించుకోవాలా, షాపులో చేయించాలా? శ్రీకాకుళం, విజయనగరంలో ఏది మేలు?

బిల్లింగ్, టైపింగ్ పనులకైతే బ్రాండెడ్ డెస్క్‌టాప్ చాలు. కాకపోతే చాలా మోడళ్లలో ఎస్ఎంపీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే పెట్టె), మదర్‌బోర్డు (పార్టులన్నీ బిగించే ప్రధాన బోర్డు) ఆ కంపెనీ సొంత సైజులో ఉంటాయి. తర్వాత గేములకో వీడియో పనులకో గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే చోటూ ఉండదు, వాట్లూ చాలవు.

అసలు పోటీ షాపులో చేయించడం, సొంతంగా బిగించుకోవడం, ఈ రెంటి మధ్యే. షాపులో చేయిస్తే మనం ఏమీ చదవక్కర్లేదనుకుంటారు, అదే తప్పు. ‘ఐ5, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ, 500 వాట్లు’ అన్న కొటేషన్‌లో విషయమే లేదు. ఐ5 (ఇంటెల్ ప్రాసెసర్) ఏ జనరేషన్? ర్యామ్ ఒక స్టిక్కా, రెండు 8లా? ఎస్ఎస్‌డీ నెమ్మదైన సాటా రకమా, వేగమైన ఎన్‌వీఎంఈనా? అన్నీ మోడల్ నంబర్లతో బిల్లులో రాయించాలి. ముఖ్యంగా ఎస్ఎంపీఎస్. ధర తగ్గించాలంటే ముందు కోత పడేది అక్కడే. తుపాను రోజుల్లో కరెంటు వచ్చిపోయే మన జిల్లాల్లో నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ కాల్చేయగలదు. ఎస్ఎంపీఎస్ సామర్థ్యానికిచ్చే రేటింగ్ 80 ప్లస్ బ్రాంజ్‌కి తగ్గొద్దు.

సొంతంగా బిగిస్తే జత కుదర్చడమే పెద్ద పని. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600కి ఏఎం5 సాకెట్ ఉన్న బోర్డు, డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 ర్యామే కావాలి. ఐ5-12400ఎఫ్‌కి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ మరోదాంట్లో దిగదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదు. ఏఎండీ ప్రాసెసర్ల పాత బీ450 బోర్డు బయాస్ (బోర్డులోని స్టార్టప్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకపోతే రైజెన్ 5 5600ని గుర్తించదు.

బిగింపు సగం రోజు పని. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లూ సాధారణంగా 2, 4 స్లాట్లలోకి వెళ్లాలి. ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నుల కేబుల్ మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ డిస్‌ప్లే రాదు. ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయాలి. డీడీఆర్5తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి ఆపేయొద్దు.

అప్పటికీ ఆన్ కాకపోతే? మార్చి చూడడానికి షాపులో వేరే ర్యామ్, వేరే ఎస్ఎంపీఎస్ ఉంటాయి, ఇంట్లో ఉండవు. అందుకే మొదటిసారి చేసేవాళ్లకి మా సలహా: పార్టులు మీరే చదివి ఎంచుకోండి, బిగింపు ఊళ్లోని షాపులో పక్కన నిలబడి చేయించండి. ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చిన అనుభవం ఉంటే మాత్రం ఇంట్లోనే బిగించుకోండి. ఆన్‌లైన్‌లో కొనేముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ విశాఖలోనైనా ఉందో లేదో చూసుకోండి. యూపీఎస్‌కి పెద్దగా రాసే వీఏ అంకె కాదు, నిజంగా ఇచ్చే వాట్లు చూడాలి: 600 వీఏ అన్నది చాలా మోడళ్లలో 360 వాట్లే, గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్‌కి అది చాలకపోవచ్చు.